ట్యూబును పోల్చే ముందు హీటరు దగ్గర మీటరు పెట్టాలి

హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లో ట్యూబు (వాక్యూం వాల్వు) మార్చి పాట పెడితే ఏదో మారినట్టు వినిపిస్తుంది. చాలాసార్లు నిజంగానే మారుతుంది. ఆ మార్పుకు కారణం ట్యూబు తయారీయా, ఆ పూట ప్లగ్గులో ఉన్న వోల్టేజీయా, శబ్దం ఒక్క పిసరు పెరగడమా అన్నది తేలకముందే ఒక కంపెనీ ట్యూబుకు తీపి, ఇంకో కంపెనీ ట్యూబుకు స్పష్టత అంటగట్టేస్తుంటారు. కర్నూలు, అనంతపురం, కడప లాంటి చోట్ల ఈ తొందర మరీ పనికిరాదు. ఇక్కడ మధ్యాహ్నం విన్నా అర్ధరాత్రి విన్నా ట్యూబు అదే, హీటరుకు (ట్యూబు లోపల వేడి పుట్టించే తీగకు) అందే వోల్టేజీ మాత్రం వేరు. అందుకే పోలికైనా, ట్యూబును కొన్ని గంటలు నడిపి నిలకడకు తెచ్చే బ్రేక్-ఇన్ అయినా మల్టీమీటరుతో మొదలవ్వాలి.

హీటరు లెక్క

ఈ యాంపుల్లో వాడే చిన్న ట్యూబుల్లో చాలావాటికి హీటరు వోల్టేజీ 6.3. దీనికి అటూ ఇటూ 10 శాతం దాకా చెల్లుతుందని డేటా షీట్ల లెక్క. ట్యూబు పదికాలాలు మన్నాలంటే 5 శాతం దాటనివ్వకూడదు, అంటే 6.0 నుంచి 6.6 వోల్టుల మధ్యే ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని (గోడ కరెంటు అందుకునే చుట్టను) 220 వోల్టులకు చుట్టి ఉంటే, గోడ దగ్గర 245 వచ్చిన రాత్రి హీటరుకు 7.0 వోల్టులు చేరతాయి. 11 శాతం ఎక్కువన్నమాట. పొలాల మోటార్లు నడిచే వేళ అదే లైను 190కి పడిపోతే హీటరుకు 5.4 మాత్రమే అందుతుంది. ఒకే రోజులో ఈ రెండు కొసలూ చూసే ఇళ్లు పట్టణ శివార్లలో, పల్లెల్లో ఉన్నాయి.

ఇది ఎందుకు ముఖ్యమో హీటరు వేడి చేసే భాగమైన క్యాథోడు నిర్మాణం చూస్తే తెలుస్తుంది. నికెల్ గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఉంటుంది. సుమారు 750–800 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆ పూత ఎలక్ట్రాన్లను వదులుతుంది. వేడి మితిమీరితే బేరియం ఆవిరై గ్రిడ్డు (ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేసే వల) తీగల మీద పేరుకుంటుంది. అప్పుడు గ్రిడ్డు కూడా ఎలక్ట్రాన్లు వదలడం మొదలుపెడుతుంది, బయాస్ (గ్రిడ్డుకు ఉండాల్సిన స్థిర వోల్టేజీ) జారిపోతుంది. వేడి చాలకపోతే గాజు లోపల మిగిలిన కొద్దిపాటి వాయువు పూతను పాడు చేస్తుంది, ఎలక్ట్రాన్ల రాక మందగిస్తుంది. ఏ కంపెనీ ట్యూబుకైనా ఈ నియమం ఒక్కటే.

కొలవడం కష్టం కాదు, కానీ ప్రమాదం ఉన్న పని. ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు సరఫరా 150 నుంచి 250 వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. 220 మైక్రోఫారడ్ కెపాసిటరుకు 100 కిలోఓముల బ్లీడరు (చార్జిని ఖాళీ చేసే రెసిస్టరు) ఉంటే చార్జి దాదాపు పోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. బ్లీడరు లేకపోతే గంటలు గడిచినా నమ్మరాదు. మూత తీశాక ముందు సరఫరా కెపాసిటరు మీద మీటరు పెట్టి సున్నాకు వచ్చిందని చూసుకోవాలి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. యాంపు ఆగి ఉండగానే క్లిప్పులు తగిలించి, తర్వాత స్విచ్ వేసి చదువుకోవడం మంచి పద్ధతి. హీటరు పిన్నులు 6ఎస్ఎన్7, 6080 రకం ట్యూబులు రెండింటిలోనూ 7, 8. ఈసీసీ88లో 4, 5.

వోల్టేజీ ఎప్పుడూ ఎక్కువే ఉండే ఇంట్లో చవకైన మందు హీటరు లైనులో రెసిస్టరు. ఒక 6080, ఒక 6ఎస్ఎన్7 కలిసి 3.1 ఆంపియర్లు లాగుతాయి. 7.0 నుంచి 6.3కి దించాలంటే 0.7ను 3.1తో భాగించాలి, 0.22 ఓము వస్తుంది. అందులో 2 వాట్లకు పైగా వేడి పుడుతుంది కాబట్టి 10 వాట్ల సిమెంటు రెసిస్టరు వేయాలి. ఒక తీగలోనే 0.22 పెట్టే కన్నా రెండు తీగల్లోనూ 0.1 చొప్పున పెడితే హమ్మింగ్ సమతూకం చెడదు. వోల్టేజీ పైకీ కిందికీ ఊగే ఇంట్లో ఈ రెసిస్టరు పనికిరాదు, తగ్గిన పూట ఇంకా తగ్గిస్తుంది. అక్కడ సర్వో స్టెబిలైజరు పెట్టుకోవాలి. ఫ్రిజ్జుకు వాడే రిలే స్టెబిలైజరు మెట్లు మెట్లుగా మారుస్తుంది, మారినప్పుడల్లా హెడ్‌ఫోన్లో టక్కుమంటుంది.

ఏది దేనికి బదులు

సాకెట్లో పట్టినంత మాత్రాన ఒక ట్యూబు ఇంకోదానికి బదులు కాదు. 12ఏయూ7 అనే ఈసీసీ82కి యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) సుమారు 17, 12ఏటీ7కి 60, 12ఏఎక్స్7 అనే ఈసీసీ83కి 100. ఈ మూడింటికీ పిన్నుల అమరిక ఒకటే కాబట్టి మార్చి చూడాలనిపిస్తుంది. ఈసీసీ83 మామూలుగా పనిచేసేది 1.2 మిల్లీయాంపుల దగ్గర, ఈసీసీ82 దగ్గర 10 పలుకుతుంది. 10 కోసం గీసిన సర్క్యూట్‌లో ఈసీసీ83 పెడితే గెయిన్ (సంకేతం పెంపు) పెరిగి శబ్దం పెద్దదవుతుంది, తర్వాతి దశను నడిపే సత్తా మాత్రం ఉండదు.

అసలు ప్రమాదం ఈసీసీ88 కుటుంబంతో. 6డీజే8, 6922, 6ఎన్23పీ ఈ వర్గానివి. వీటి హీటరు 4, 5 పిన్నుల మధ్య 6.3 వోల్టులు, 9వ పిన్ను లోపలి కవచానిది. ఈసీసీ82లో 9వ పిన్ను హీటరు మధ్య కొస. 12.6 వోల్టులకు తీగ వేసిన ఈసీసీ82 సాకెట్లో 6డీజే8 గుచ్చితే హీటరు మీద రెట్టింపు వోల్టేజీ పడి అక్కడికక్కడే పోతుంది. దీనికి తిరగేసి, 6డీజే8 సాకెట్లో ఈసీసీ82 పెడితే హీటరుకు సగమే అంది మందంగా వెలుగుతుంది, పాట బలహీనంగా వస్తుంది, విన్నవాళ్లు దాన్నే మెత్తదనం అనుకుంటారు. 6డీజే8 ప్లేటు గరిష్ఠం 130 వోల్టులు, 6922ది 220. ఈ తేడా చూడకుండా ఒకదాని బదులు ఇంకోటి వాడితే కొన్ని సర్క్యూట్లలో 6డీజే8 తొందరగా అరిగిపోతుంది. 6ఎన్1పీని కూడా ఇదే వరసలో అమ్ముతారు. దాని హీటరు 600 మిల్లీయాంపులు లాగుతుంది, 6922 లాగేది 300. రెండు ట్యూబులు మారిస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద అదనంగా 0.6 ఆంపియరు పడుతుంది. అరగంట తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి నిలవకపోతే కారణం అదే.

ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు ట్యూబుల్లోనూ ఇంతే. 5ఏఆర్4 హీటరుకు 1.9 ఆంపియర్లు, 5యూ4జీకి 3. పిన్నులు సరిపోయినా 5 వోల్టుల వైండింగు అంత ఇవ్వగలదో లేదో చూడాలి.

పేర్ల విషయంలో ఒక్క మాట. పాత కంపెనీల పేర్లు ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీల సరుకు మీద ఉన్నాయి. టంగ్-సోల్, మల్లార్డ్ పేర్లతో ఈ కాలంలో వచ్చిన కొత్త ట్యూబులు రష్యాలోని సరాటోవ్‌లో తయారైనవి. జేజే ట్యూబులు స్లొవాకియావి. మనకు దగ్గర్లో బెంగళూరు జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) ఒకప్పుడు ఈసీసీ82, ఈసీసీ83, ఈఎల్84 లాంటివి తయారు చేసింది. పాత రేడియో మెకానిక్కుల డబ్బాల్లో బీఈఎల్ ముద్రతో అవి ఇప్పటికీ దొరుకుతుంటాయి. అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకూ, కర్నూలు వాళ్లు హైదరాబాదు కోఠికీ వెళ్లి వెతకడం మామూలే. కొనేటప్పుడు డబ్బా మీద పేరు కన్నా గాజు లోపలి ప్లేటు ఆకారం, గెట్టరు (మిగిలిన వాయువును పీల్చే పదార్థం) ఉంగరం, గాజు అడుగున చెక్కిన కోడు నమ్మదగ్గవి. ఒకే ఫ్యాక్టరీ ట్యూబుకు నాలుగు పేర్లు వేసి అమ్మడం ఆ రోజుల్లోనూ ఉంది.

బ్రేక్-ఇన్‌లో నిజమెంత

బ్రేక్-ఇన్ కట్టుకథ కాదు. కాకపోతే వందల గంటలు సాగే మాయ కూడా కాదు. కొత్త ట్యూబులో, లేదా దశాబ్దాలు డబ్బాలో పడి ఉన్న పాత ట్యూబులో రెండు పనులు జరుగుతాయి. లోహం, మైకా, గాజు నుంచి వచ్చిన వాయువును గెట్టరు పీల్చుకుంటుంది. క్యాథోడు పూత ఉపరితలం స్థిరపడి ప్లేటు కరెంటు ఒక చోట నిలుస్తుంది. ఫ్యాక్టరీలో ఎంతో కొంత ఏజింగ్ (ముందే కాసేపు నడపడం) చేసే పంపుతారు కాబట్టి మిగిలిన మార్పు చాలావరకు మొదటి 20 నుంచి 50 గంటల్లో అయిపోతుంది. 300 గంటలకు ‘తెరుచుకుంది’ అనిపిస్తే, అప్పటికి చెవి ఆ ధ్వనికి అలవాటు పడిందని అనుకోవడమే సబబు. క్యాథోడు వోల్టేజీ కదలకుండా ఉంటే ఆ మాటకు మీటరు సాక్ష్యం లేనట్టే.

పని మొదట కంటితో మొదలవుతుంది. ట్యూబును వెలుతురుకు ఎదురుగా పట్టి గెట్టరు చూడాలి. గాజు పైభాగంలోనో పక్కనో అద్దంలా మెరిసే వెండి మచ్చ అది. అంచులు గోధుమరంగుకు తిరగడం వాడిన గుర్తు, అంతమాత్రాన పనికిరాదని కాదు. మచ్చ పాలలా తెల్లబడితే గాలి జొరబడింది, ఆ ట్యూబును సాకెట్ దగ్గరికే తీసుకెళ్లకూడదు. తర్వాత మీటరుతో హీటరు ఓములు చూడాలి. 6ఎస్ఎన్7 వేడిలో 6.3ను 0.6తో భాగిస్తే 10.5 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో ఆరో వంతు చుట్టుపక్కల, రెండు ఓములకు కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. గ్రిడ్డుకూ క్యాథోడుకూ మధ్య, హీటరుకూ క్యాథోడుకూ మధ్య తీగ తెగినట్టే ఉండాలి, ఏ ఓములూ చూపించకూడదు. పిన్నులు నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడవాలి. ఆ దూది గాజు మీది ముద్రకు తగిలితే అక్షరాలు పోతాయి. ఎనిమిది పిన్నుల ఆక్టల్ ట్యూబును గాజు పట్టుకుని కాక అడుగునున్న బేసు పట్టుకుని తీయాలి, లేకపోతే గాజు బేసు నుంచి ఊడివస్తుంది.

పాత సరుకును మొదటిసారి యాంపులో పెట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బల్బు బోర్డు మేలు చేస్తుంది. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కాస్త వెలిగి మందగిస్తే ఫరవాలేదు, పూర్తి వెలుగులో నిలిచిపోతే లోపల షార్టు ఉంది. బల్బుతో ఒకట్రెండు నిమిషాలకు మించి నడపకూడదు, అప్పుడు హీటరుకు వోల్టేజీ చాలదు.

హీటరుకూ ప్లేటుకూ వేరు స్విచ్‌లున్న యాంపులో దీర్ఘకాలం నిలవున్న ట్యూబుకు అరగంట హీటరు మాత్రమే ఇచ్చి, తర్వాత ప్లేటు వేయడం మంచిదే. అంతకు మించి రాత్రంతా హీటరు ఒక్కటే వెలిగించి పెట్టడం మాత్రం చెడ్డ అలవాటు. ప్లేటు కరెంటు లేకుండా వేడి మీద ఉండిపోతే పూతకూ నికెల్‌కూ మధ్య నిరోధక పొర ఏర్పడి ట్యూబు సత్తా తగ్గుతుంది. స్విచ్ ఒక్కటే ఉన్న యాంపుకు ఈ బెడద లేదు, మామూలుగా నడిపితే చాలు.

ఆ తర్వాత నాలుగైదు గంటల చొప్పున నడపాలి, మధ్యలో పూర్తిగా చల్లారనివ్వాలి. హెడ్‌ఫోన్ బదులు జాక్‌కు 300 ఓముల 2 వాట్ల రెసిస్టరు తగిలించి పాట పెట్టి వదిలేయవచ్చు, ఖరీదైన డ్రైవర్ల మీద ప్రయోగం అవసరం లేదు. పుస్తకంలో మూడే మూడు అంకెలు రాసుకోవాలి: ఆ వేళ హీటరు వోల్టేజీ, క్యాథోడు రెసిస్టరు మీద వోల్టేజీ, గ్రిడ్డు రెసిస్టరు మీద వోల్టేజీ. క్యాథోడు రెసిస్టరు 1 కిలోఓము అయితే 5 వోల్టులంటే 5 మిల్లీయాంపులు. మొదటి గంటలో 4.6 ఉన్నది ఇరవై గంటలకు 5.0కి చేరి, తర్వాతి పది గంటల్లో కదలకపోతే బ్రేక్-ఇన్ అయిపోయినట్టే. హీటరు వోల్టేజీ పక్కన రాయకపోతే ఈ అంకెకు విలువ లేదు, లైను పెరిగినా క్యాథోడు వోల్టేజీ పెరుగుతుంది.

గ్రిడ్డు అంకె ఎక్కువమంది చూడరు, చెడ్డ ట్యూబును ముందుగా పట్టిచ్చేది అదే. 470 కిలోఓముల మీద దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు ప్లస్ వైపు కనిపిస్తే ఒక మైక్రోయాంపు గ్రిడ్డు కరెంటు ఉందని అర్థం: లోపల వాయువో, గ్రిడ్డు ఉద్గారమో. కొన్ని గంటల్లో తగ్గుతూ వస్తే గెట్టరు పని చేస్తోంది, వేచి చూడవచ్చు. వేడెక్కే కొద్దీ పెరుగుతూ పోతే ఆ ట్యూబును తీసేయాలి.

చిటపటలు, సన్నటి ఉరుము మొదటి గంటల్లో వచ్చి పోతాయి. ఎడమలో వస్తున్న చప్పుడు ట్యూబులు అటూ ఇటూ మార్చగానే కుడిలోకి వెళితే తప్పు ట్యూబుది, ఎడమలోనే ఉండిపోతే సాకెట్‌దో సోల్డరుదో. పెన్సిలు వెనక రబ్బరుతో గాజును మెల్లగా తట్టి చూస్తే, అదురును శబ్దంగా మార్చే మైక్రోఫోనిక్ ట్యూబు గంటలా మోగుతుంది. నడిపినంత మాత్రాన ఈ గుణం పోదు. దీనికి ఇక్కడ దొరికే మంచి ఉపాయం కడప బండ. యాంపు కింద పట్టేంత పలక కోయించి, దాని కింద మెత్తటి రబ్బరు కాళ్లు పెడితే బరువూ మెత్తదనమూ కలిసి బల్ల అదురును చాలా వరకు ఆపుతాయి. రబ్బరు లేకుండా బండ ఒక్కటే వేస్తే అదురు నేరుగా పైకి వస్తుంది.

పోలిక ఎలా నిలుస్తుంది

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని యాంపుల్లో 6080 బదులు 5998 పెట్టి ‘బాస్ బిగువుగా వచ్చింది, జీవం వచ్చింది’ అంటారు. లెక్క వేస్తే ఆ జీవం ఎక్కడిదో కనిపిస్తుంది. 6080 ఒక్కో భాగం ప్లేటు రెసిస్టెన్స్ 280 ఓములు, యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 2. క్యాథోడు నుంచి సంకేతం తీసే క్యాథోడ్ ఫాలోయరుగా దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఏసీకి చూపే నిరోధం) 280ని 3తో భాగిస్తే సుమారు 93 ఓములు. 5998కి ఇది 55 దగ్గర. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓముల హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల దాదాపు 500 ఓములకు పెరుగుతుంది. 6080తో ఆ భాగంలో బాస్ సుమారు 0.9 డెసిబెల్ ఎత్తుగా వస్తుంది, 5998తో 0.55 మాత్రమే. బిగువు అన్నది ఈ తేడాయే. పైగా ఫాలోయరు గెయిన్ కూడా కలిపితే 5998 దాదాపు 3 డెసిబెల్లు పెద్దగా వినిపిస్తుంది. జీవం అన్నది అందులో నుంచే ఎక్కువగా వస్తుంది. ఇంపిడెన్స్ గీత సమంగా ఉండే ప్లేనార్ (చదునైన పలుచటి పొర కంపించే) హెడ్‌ఫోన్‌తో ఇదే ట్యూబు మార్పు చేస్తే బాస్ తేడా మాయమవుతుంది.

కాబట్టి మొదటి షరతు శబ్దం సమానం చేయడం. రెండు ట్యూబుల మధ్య తేడా 0.2 డెసిబెల్ లోపు, అంటే వోల్టేజీలో 2.3 శాతం లోపు ఉండాలి. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే స్థిరమైన టోను పెట్టి జాక్ దగ్గర ఏసీ వోల్టేజీ కొలవాలి. 1 కిలోహెర్ట్జ్ టోను వాడమని చాలా చోట్ల రాస్తారు, చవక మల్టీమీటర్లలో చాలావాటికి 400 హెర్ట్జ్ దాటితే ఏసీ రీడింగు నమ్మదగ్గది కాదు. 300–400 హెర్ట్జ్ టోను సురక్షితం. వాల్యూమ్ కొలిచేటప్పుడు హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోకూడదు.

రెండో షరతు జ్ఞాపకాన్ని నమ్మకపోవడం. ట్యూబు చల్లారి, మార్చి, మళ్లీ వేడెక్కేసరికి పది పదిహేను నిమిషాలు పోతాయి. సూక్ష్మమైన తేడాను చెవి అంతసేపు మోయలేదు. జాక్ దగ్గర లోడు మీద నుంచి సౌండ్ కార్డులోకి 24 బిట్లలో రికార్డు చేసి, రెండు ఫైళ్ల స్థాయి సమం చేసి, ఏబీఎక్స్ పరీక్షతో (వినిపించేది ఏ ఫైలో తెలియకుండా చెప్పే పరీక్ష) వినడం నిజాయితీ గల దారి. ఫూబార్2000 అనే ప్లేయరులో ఆ సదుపాయం ఉంది. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా ఉందని గట్టిగా అనవచ్చు. 9 వస్తే ఊహ.

వినడానికి తంబురా శ్రుతిని మించిన పరీక్ష వస్తువు అరుదు. ఆగకుండా సాగే ఆ నాదంలో హమ్మింగ్ కలిసినా, రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం) పెరిగినా వెంటనే తెలుస్తుంది. మృదంగం తొప్పి దెబ్బలో బాస్ ఎత్తు, స్త్రీ గాత్రంలో ‘స’ కారం దగ్గర పై స్థాయిల గరుకు పట్టుబడతాయి. కొత్త సినిమా పాటల్లో స్థాయి మొత్తం ఒకే ఎత్తుకు నొక్కేసి ఉంటుంది కాబట్టి అవి ఇందుకు అంతగా పనికిరావు.

ఎండ, దుమ్ము, ఎర్తింగ్

ఒక 6080 హీటరే 15.75 వాట్లు తింటుంది. 6ఎస్ఎన్7 కలిపితే ప్లేటు వేడిని లెక్కలోకి తీసుకోకుండానే 19.5 వాట్లు. మే నెలలో గది లోపలే 38, 40 డిగ్రీలున్న కర్నూల్లో ఈ వేడికి ట్యూబు తట్టుకుంటుంది, పక్కనున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు తట్టుకోదు. 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడుతుంది. 85 డిగ్రీల రకం తీసేసి 105 డిగ్రీల రకం వేయడం, యాంపును అద్దాల షోకేసులో పెట్టకపోవడం తప్పనిసరి. ఫ్యాను గాలి తగిలితే మేలే. ఎర్రమట్టి, బండల పాలిషింగ్ దుమ్ము సాకెట్లలో చేరితే చెమ్మ తగిలిన రోజు చిటపటలు పుడతాయి. వేసవి దాటగానే ఒకసారి సాకెట్లు బ్రష్షుతో దులపాలి.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే అనంతపురంలో నేల ఎండిపోయి ఎర్తింగ్ నిరోధం పెరుగుతుంది. వేసవిలో కొత్తగా హమ్మింగ్ మొదలైతే ట్యూబు కొనే ముందు ఎర్తింగ్ గుంతలో నాలుగైదు బిందెల నీళ్లు పోసి చూడాలి. ఎర్త్ పిన్ను విరిచేసి హమ్మింగ్ పోగొట్టే పద్ధతి ప్రాణం మీదికి తెస్తుంది.

కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి మారితే ఆ సెషను కొలతలు పక్కన పెట్టాలి. పూర్తి స్క్వేర్ వేవ్ ఇన్వర్టరులో శిఖర వోల్టేజీ 325 కాక 230 దగ్గరే ఉంటుంది. హీటరుకు తేడా పడదు, కెపాసిటరు చార్జయ్యేది శిఖరానికి కాబట్టి ప్లేటు సరఫరా మాత్రం 30 శాతం దాకా పడిపోతుంది. కరెంటు క్షణంలో వచ్చిపోయే పూట యాంపు స్విచ్ ఆపేసి రెండు మూడు నిమిషాలు ఆగాకే మళ్లీ వేయాలి. చల్లగా ఉన్నప్పుడే కరెంటు ఉరవడిని ఆపే ఎన్‌టీసీ థర్మిస్టర్ చల్లారకముందే వేస్తే మొదటి ఉరవడిని అది ఆపలేదు. హెడ్‌ఫోన్ జాక్‌ను ట్యూబులు వేడెక్కి అవుట్‌పుట్ కెపాసిటర్లు నిండాక, స్విచ్ వేసిన రెండు నిమిషాలకు తగిలించి, స్విచ్ ఆపే ముందే తీసేయాలి.